అలసంద గింజంత మచ్చ

ఇయా సికీరా మా గుమ్మంలోంచి లేవనంటే లేవనంది.

కర్రపెండలం గారీ పిండి బస్తాకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, దారిన పోయేవాళ్ళకి కూడా వినపడేలా గొంతెత్తింది.

"కవలల చేతి బోణీ మంచిదని పొద్దున్నే వెళ్ళి, డబ్బు తీసుకుందామని దీని మిషన్లో కార్డు పెట్టానమ్మా! నా ఖాతాలోంచి డబ్బు పోయింది. నా చేతికి రాలేదు. మరి ఎక్కడుందంటే చెప్పదే!"

తైవో ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మా ఆడపిల్లలు అలాగే కూర్చుంటారు. కానీ ఈమధ్య తైవో నిలబడి ఉండగా చూసింది తక్కువ. ఒకరు వెళ్ళగానే ఇంకొకరు వస్తున్నారు.

"నా ఖాతాలోనే ఉందమ్మా. దానికి తాళం వేశారు. తియ్యగానే ముందు మీకే ఇస్తాను."

"నీకే ఎందుకేశారు? ఈ ఇగ్బో-ఓరా ఊళ్ళో గొడుగు కింద బల్లేసుకుని డబ్బులిచ్చేవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళెవరికీ వెయ్యలేదే!"

తైవో తల వంచుకుంది. జవాబు చెప్పాలంటే లోపల కూర్చుని తింటున్న మనిషి పేరు చెప్పాలి.

"దొంగలకే వేస్తారు," అని ఇయా సికీరా తనే చెప్పుకుని, బస్తా మూతి విప్పి మళ్ళీ కట్టింది. "ఇయా ఇబెజీ! ఓ కవలల తల్లీ! బయటికి రా! నీ పెంపకం చూసుకో!"

అమ్మ బయటికి రాలేదు. నేనే తలుపు దగ్గరికి వేశాను.

లోపల ఫ్యాను తిరుగుతోంది. దాని కింద కెహిందే అమలా ముద్దని బెండాకు పులుసులో ముంచుకుని, వేళ్ళు నాక్కుంటూ తింటోంది. చేప ముల్లుని తీరిగ్గా ఏరి పళ్ళెం అంచున పెడుతోంది. గుమ్మంలో తన చెల్లెల్ని దొంగ అంటుంటే ముల్లు ఏరుకునే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

"ఉప్పు తక్కువైంది," అంది కెహిందే.

"బయట ఏం జరుగుతోందో వినపడుతోందా అక్కా?" అన్నాను.

"ఇయా సికీరా గొంతు వినపడందెప్పుడు?"

తైవో లోపలికొచ్చింది. మోకాళ్ళకి అంటిన ఎర్రమట్టి దులుపుకోలేదు. తిన్నగా కెహిందే ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒకే ముఖం రెండు చోట్ల. ఒకటి నమలడం ఆపలేదు, ఒకటి పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"ఇంకాసేపట్లో ఆ కార్డు కంపెనీ మనిషి వీడియో ఫోన్ చేస్తాడు," అంది తైవో. "నేను నిజం చెప్పేస్తాను అక్కా. ముందే చెప్తున్నాను."

తైవో ముందు పుట్టింది. అయినా పెద్దది కెహిందే. లోకం ఎలా ఉందో చూసి రమ్మని కెహిందే తైవోని ముందు పంపిందనీ, తైవో ఏడుపు విని, పరవాలేదనుకుని తాపీగా తను వచ్చిందనీ మా వాళ్ళందరూ కవలల గురించి చెప్పుకునే మాట. కెహిందేకి ఈ మాట బాగా కలిసొచ్చింది. నీళ్ళకి తైవో, అంగడికి తైవో, తిట్లకి తైవో. వాళ్ళ తర్వాత పుట్టిన నన్ను ఇదోవు అన్నారు. కవలల వెనక పుట్టినవాళ్ళందరికీ అదే పేరు. మొండితనం కూడా పుట్టుకతోనే అంటగడతారు. అంటగట్టారు కాబట్టి వాడుకుంటున్నాను.

"ఏం నిజం?" అంది కెహిందే.

"నీ పేరు మీద కార్డు తీసుకున్నావు. చైనా నుంచి బట్టలు తెప్పించావు. తీరా సరుకు వచ్చాక రాలేదని రాసి, డబ్బు వెనక్కి లాక్కున్నావు. ఆ బట్టలూ అమ్ముకున్నావు. వాళ్ళు కనిపెట్టి నీ పేరు మూసేశారు. అప్పుడు నా పేరు ఎత్తుకుపోయి, దాని మీదా అదే పని చేశావు. నా ఖాతాకి తాళం పడింది."

"పేరేగా తీసుకున్నాను. కిడ్నీ తీసుకున్నానా?"

"అక్కా!"

"ఒకే కడుపులో ఇరుక్కుని పడుకున్నాం. అప్పుడు లేని నీదీ నాదీ ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

ఇలేకే అనే ఆ కంపెనీ కార్డు వచ్చినప్పుడు మేమంతా మురిసిపోయాం. మన కుర్రాళ్ళు, లాగోస్‌లో ఒక గదిలో కూర్చుని చేశారట. చేతితో పట్టుకునే కార్డు కాదది, ఫోన్లో కనిపించే అంకెలు, అంతే. మన బ్యాంకు కార్డుల ముఖం చూడని విదేశీ అంగళ్ళు ఆ అంకెలు కొడితే డాలర్లలో సరుకిచ్చేవి. మనిషికొక్క కార్డు. మనిషి బ్యాంకు గుర్తింపు నంబరు, మనిషి ముఖం. ఫోన్ ముందు కూర్చుని, నవ్వమంటే నవ్వి, తల ఎడమకి తిప్పమంటే తిప్పాలి. ఇగ్బో-ఓరాలో ఇంటికో కవలల జంట ఉంటుందని, మా ముఖాలు ఇద్దరికొకటని ఆ కుర్రాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అయినా తైవో ముఖానికి ఒక తేడా ఉంది. చిన్నప్పుడు కెహిందే ఆడుకుంటూ, నాకో అకారా గారె తెచ్చిపెట్టు అని తైవోని పంపింది. అమ్మ మూకుడు దగ్గరికి పరిగెత్తిన తైవో చెంప మీద నూనె చిందింది. ఎడమ కన్ను కింద అలసంద గింజంత నల్లమచ్చ ఉండిపోయింది. అంతకుముందు ఎవరు ఎవరో తెలియడానికి అమ్మ రోజూ తైవోకి నుదుటి మీద కాటుక చుక్క పెట్టేదట. మచ్చ పడ్డాక ఆ పని తప్పింది.

కంపెనీవాళ్ళు పంపిన ఫోటోలో ఆ మచ్చ ఉంది. ఇది మీరు కాదా అని అడిగారు.

"నేనే అనుకున్నాను," అంది తైవో, ఇప్పుడు కెహిందేతో. "ఆ ఫోటో చూసి ఒక్క క్షణం నేనే అనుకున్నాను. నిద్రలో లేచి చేశానేమో అనుకున్నాను. నా ముఖాన్ని నేనే నమ్మలేకపోయాను. నీకు సిగ్గనిపించలేదా?"

కెహిందే పళ్ళెంలో చెయ్యి కడుక్కుంది. "కాటుకతో చిన్న చుక్క. అద్దంలో చూసుకుని పెట్టుకున్నాను. ఎంతసేపు పడుతుంది?"

నాది కుట్టుపని. అద్దం ముందు ఎవరికి వాళ్ళు గుర్తు పెట్టుకుంటే చెయ్యి ఎలా తప్పి పక్కకి పోతుందో నాకు తెలుసు. ఫోటోలో చుక్క మాత్రం అచ్చు దించినట్టుంది. కెహిందే చేతికి అంత నేర్పు ఉందని నాకు తెలియదు. ఆమాటే అనబోతుంటే అమ్మ నోరు విప్పింది.

"గొంతు తగ్గించండి. ఇయా సికీరా తలుపుకి చెవి ఆనించి ఉంటుంది."

"వింటే విననీ అమ్మా," అన్నాను.

"నువ్వుండవే ఇదోవూ. నిన్నెవరూ అడగలేదు." అమ్మ కుర్చీ తైవో వైపు లాక్కుంది. గొంతులో తేనె పోసుకుంది. "తైవో, నా బంగారం, విను. మీ అక్కకి ఇది రెండోసారి. రెండోసారి అయితే పోలీసులకి అప్పగిస్తారట. నీకు మొదటిసారి. నేనే చేశాను, బుద్ధి తక్కువై చేశాను అని ఒక్క మాట అనేస్తే కార్డు రద్దు చేసి వదిలేస్తారు."

"వదలరు. అన్ని బ్యాంకుల్లోనూ నా పేరు పక్కన మోసగత్తె అని ఉంటుంది. నాకు మళ్ళీ మిషన్ ఎవరిస్తారమ్మా?"

"గొడుగు కింద కూర్చోకపోతే బతకలేవా? నాతో వచ్చి గారెలు వెయ్యి."

"ఆ గొడుగు నేను కొనుక్కున్నాను. ఆ బల్ల నేను చేయించుకున్నాను. ఊరి జనం తమ డబ్బు నా చేతిలో పెట్టి, లెక్క చూసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు. అది నాకున్న ఒక్కగానొక్క ఆస్తి. దాన్ని ఇచ్చెయ్యమంటావా?"

"మనిషి కంటే ఎక్కువా?"

"నేను మనిషిని కానా?"

అమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. తర్వాత మూలనున్న ఫ్రిజ్ వైపు చూసింది. రెండూ కెహిందే కొన్నవే. ఇంటి పైకప్పు రేకులు మార్పించింది కూడా కెహిందేనే. ఆ చూపు చాలు. మా అమ్మ ప్రేమకి కూడా కరెంటు బిల్లు ఉందని ఆ రోజు తెలిసింది.

"నేను పుట్టినప్పటినుంచీ అక్కకి ముందు నడిచాను," అంది తైవో మెల్లగా. "ఈ ఒక్కదానికీ నడవను."

బయట ఇయా సికీరా ఎవరికో మొదటినుంచీ కథంతా చెబుతోంది. ఇంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. పులుసు మీద ఈగ వాలింది.

అమ్మ లేచింది. "సరే. నీ ఇష్టం. నిన్ను బతిమాలే ఓపిక నాకు లేదు." మంచి తలగుడ్డ తీసింది. "కంపెనీ మనిషి చూస్తాడు, ఈ అవతారంతో ఎలా కూర్చోను? కెహిందే, వచ్చి ఈ గుడ్డ కట్టు."

ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. నేను నవ్వేశాను. పరువు పోయే వేళ కూడా తలగుడ్డ మడతలు సరిగ్గా ఉండాలి మా అమ్మకి.

నవ్వకుండా ఆ తలుపు తెరిచి చూసి ఉంటే బాగుండేది.

ఫోన్‌ని పాలడబ్బాకి ఆనించి బల్ల మీద పెట్టాం. అది మోగగానే తెర మీద టై కట్టుకున్న మనిషి కనిపించాడు. కలబార్ వైపు మనిషి, మా వైపువాడు కాదు. పేరు ఎఫియోంగ్ అని చెప్పాడు. మర్యాదస్తుడే. విసుగు మాత్రం దాచుకోలేదు.

"మొదటే ఒక విషయం చెప్పాలి," అన్నాడు. "ఈ కాల్ రికార్డవుతోంది. ఆ ముఖం పరీక్ష దగ్గర మోసం జరిగిందని తేలితే, చేసినవాళ్ళనీ, పక్కనుండి సాయం చేసినవాళ్ళనీ కూడా పోలీసులకి అప్పగిస్తాం. ఇది మా రూలు. సరేనా? ఇప్పుడు చెప్పండి. తైవో ఎవరు?"

తైవో నోరు తెరిచింది.

"నేనే సార్," అంది వెనకనుంచి ఒక గొంతు.

కెహిందే గదిలోంచి వచ్చి తైవో పక్కనే కుర్చీలో కూర్చుంది. కవలల పండక్కి ఇద్దరికీ నేనే కుట్టిన నీలం జాకెట్టు వేసుకుని ఉంది. తైవో పొద్దున అదే వేసుకోవడం కెహిందే చూసింది. ఎడమ కన్ను కింద అలసంద గింజంత మచ్చ.

"నేనే తైవోని," అంది కెహిందే. గొంతు కూడా తైవో గొంతులాగే మెత్తగా చేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఆ బట్టలన్నీ నేనే కొన్నాను. అబద్ధం చెప్పి డబ్బు వెనక్కి తీసుకున్నాను. బుద్ధి తక్కువైంది. మా అక్క కెహిందేకి ఏ పాపం తెలియదు. నన్ను క్షమించండి."

మా అక్క అబద్ధం చెబుతోంది అనబోయాను, ఏ అక్క అంటే ఏం చెప్పను, ఇద్దరూ నాకు అక్కలే కదా! ఆ తికమకలోనే క్షణం జారిపోయింది. జీవితంలో చాలా నీచాలు చూశాను. ఏడుస్తూ, చేతులు జోడిస్తూ, ఇంకొకరి పేరుని ఇంత ముద్దుగా పాతిపెట్టడం చూడలేదు.

"అబద్ధం!" తైవో గొంతు చీలింది. "నేను తైవోని! అది కెహిందే!"

"అక్కా, నన్ను కాపాడాలని నువ్వు అబద్ధం చెప్పకు," అంది కెహిందే, జాలిగా.

ఎఫియోంగ్ ముఖం తెరకి దగ్గరైంది. ఒకరిని చూసి, ఇంకొకరిని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా రికార్డులో ఎడమ చెంప మీద మచ్చ ఉంది."

"ఇదిగో," అన్నారు ఇద్దరూ.

"మీ ఇద్దరిలో పెద్ద ఎవరు?"

"ముందు పుట్టింది తైవో బాబూ. పెద్దది కెహిందే," అంది అమ్మ, తలగుడ్డ సర్దుకుంటూ.

"అదేంటి?" అన్నాడు పాపం. కలబార్ వాళ్ళకి ఇది ఎక్కదు.

తైవో ఏడవలేదు. నా వైపు తిరిగింది. "ఇదోవూ, తెల్లగుడ్డ ఒకటి తడిపి తీసుకురా."

నా కుట్టుబుట్టలోంచి లైనింగు ముక్క తీసి కుండలో ముంచి తెచ్చాను. తైవో దాన్ని ఫోన్‌కి చూపించింది. తర్వాత తన చెంప మీద మచ్చని రుద్దింది. చర్మం కందిపోయేదాకా, కంట్లో నీళ్ళు వచ్చేదాకా రుద్దింది. గుడ్డ మళ్ళీ ఫోన్ ముందు పెట్టింది. తెల్లగానే ఉంది.

"ఇప్పుడు నువ్వు," అని కెహిందేకి చాపింది.

కెహిందే చెయ్యి చాపలేదు. "నాకేం ఖర్మ? నేను ఒప్పుకున్నాను కదా సార్. ఒప్పుకున్నదాన్ని కూడా ఇలా అవమానిస్తారా?"

"అమ్మా," అన్నాడు ఎఫియోంగ్ మా అమ్మతో. "తల్లికి తెలియకుండా ఉండదు. మీరు తుడవండి. అయిపోతుంది."

అందరం అమ్మ వైపు చూశాం. తైవో గుడ్డని అమ్మ ఒళ్ళో పెట్టింది. పెట్టి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పొద్దున ఇయా సికీరా ముందు ఎలా కూర్చుందో అలాగే.

"ఒక్కసారమ్మా," అంది. "నేనెవరో చెప్పు. ఇంకేమీ అడగను."

అమ్మ గుడ్డని ముట్టుకోలేదు. చేతులు రెండూ నడుముకి చుట్టుకున్న గుడ్డ మడతలో దాచుకుని ఉంది. "రెండూ నా కళ్ళే బాబూ," అంది ఫోన్‌తో. "ఏ కన్ను పొడుచుకోమంటావు?"

తైవో భుజాలు జారిపోయాయి. ఆ జారడం నేను చూడలేకపోయాను. ఒక కన్నుని ఎప్పుడో పొడిచేసి, దాని మీద తలగుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషి రెండు కళ్ళ గురించి మాట్లాడుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ ఒళ్ళోంచి గుడ్డ లాక్కుని కెహిందే మీదికి వెళ్ళాను.

"తల ఎత్తు అక్కా. నేను తుడుస్తాను."

"ఇదోవూ!"

అమ్మ ఒక్క ఉదుటున లేచి నా మణికట్టు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పెద్ద మూకుళ్ళు ఎత్తిన చెయ్యి. ఎముక విరిగిపోతుందేమో అనిపించింది. "దాని జోలికి వెళ్ళావంటే నా మీద ఒట్టే! ఈ ఇంట్లో మళ్ళీ అడుగుపెట్టకు!"

"వదులమ్మా!"

విదిలించుకున్నాను. అమ్మ గబుక్కున చెయ్యి మళ్ళీ నడుముగుడ్డ మడతలో దాచుకుంది. నేను నొప్పెట్టిన మణికట్టు వైపు చూసుకున్నాను.

లోపలివైపు, నరం మీద, నల్లగా బొటనవేలి ముద్ర. ఇంకా తడిగా, జిడ్డుగా మెరుస్తోంది. కాటుక.

తలగుడ్డ. మూసిన తలుపు. ఫోటోలో అచ్చు దించినట్టున్న చుక్క. రోజూ పొద్దున్నే పసిపిల్ల నుదుటి మీద చుక్క పెట్టి పెట్టి తిరిగిన చెయ్యి.

తైవో ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. నా చెయ్యి సరిగ్గా ఆమె కళ్ళకి ఎదురుగా ఉంది. చూసింది. తర్వాత తల పైకెత్తి అమ్మని చూసింది.

"నువ్వా?" అంది.

అమ్మ తలగుడ్డ అంచు ముఖం మీదికి లాక్కుంది.

"ఆ ఫోటోలోది కూడా నువ్వేనా అమ్మా? నేను గొడుగు కింద కూర్చుని ఉంటే, ఇక్కడ కూర్చుని నా ముఖం గీశావా?"

కెహిందే కిటికీ వైపు తిరిగింది. బయట ఇయా సికీరా కూడా గొంతు ఆపేసింది. తలుపుకి చెవి ఆనించే ఉంటుంది.

"హలో?" అన్నాడు ఎఫియోంగ్. "అక్కడ ఏం జరుగుతోంది? ఆ మూడో ఆమె చేతికి ఏమంటుకుంది? కొంచెం ఇటు తిప్పండి, నాకు కనపడట్లేదు."

చేసినవాళ్ళనీ, సాయం చేసినవాళ్ళనీ కూడా. అతను మొదటే చెప్పిన మాట గదిలో అందరికీ గుర్తుంది. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తైవో," అంది అమ్మ. అంత చిన్న గొంతుతో మా అమ్మ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నా బంగారం."

తడిగుడ్డ నా రెండో చేతిలోనే ఉంది. ఒక్కసారి రుద్దితే పోతుంది. నేను గుడ్డని మణికట్టు దాకా తెచ్చాను.

తైవో నేల మీంచి లేచి నిలబడింది. మోకాళ్ళ మీది ఎర్రమట్టిని ఇప్పుడు దులుపుకుంది.

"తుడవకు ఇదోవూ," అంది, అమ్మ మీంచి చూపు తిప్పకుండా. "నేను చెప్పేదాకా తుడవకు."